ఖర్కాయి నదికి ఆవలి ఒడ్డున: జంషెడ్‌పూరు పరిసరములలో తల్లీబిడ్డల సంరక్షణ

జంషెడ్‌పూరు నగరమునకు ఒకవైపున సువర్ణరేఖ, మరియొకవైపున ఖర్కాయి ప్రవహించుచున్నవి. 1907లో స్థాపింపబడిన టాటా ఉక్కు కంపెనీ ఈ నగరమునకు ప్రాణము. కర్మాగారము ఇంకను పూర్తికాకమునుపే, 1908లో, ఇచ్చట ఒక ఆసుపత్రి వెలసినది. నేడు టాటా మెయిన్ హాస్పిటల్ అను పేర ప్రసిద్ధి చెందినది అదియే. 1928 నాటికే ఆ కంపెనీ తన స్త్రీ కార్మికులకు ప్రసూతి భృతి నేర్పరచినది. దేశమంతటికిని వర్తించు ప్రసూతి సౌకర్యముల చట్టము వచ్చుటకు 1961వ సంవత్సరము వరకు వేచియుండవలసివచ్చెను. ఆ సంవత్సరముననే నగరములో మహాత్మాగాంధి స్మారక వైద్య కళాశాలయు ఏర్పడెను. ఉపాధిని వెదకుకొనుచు తెలుగునాటినుండి తరలిపోయి బిష్టుపూరు, కద్మా మున్నగు పేటలలో తరతరములుగా కాపురముండు కుటుంబములవారు వైద్య సౌకర్యముల విషయమున ఈ నగరమును మెచ్చుకొనుటలో వింత లేదు.

అయితే ఖర్కాయి వంతెనను దాటి ఆవలి ఒడ్డునకు పోయినచో ఆదిత్యపూరు వచ్చును. అది వేరొక జిల్లా, సరాయికెలా-ఖర్సావాఁ. ఇంకను పడమరగా పోయినచో పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లా, దాని ముఖ్యపట్టణము చాయిబాసా. సాలవృక్షముల అడవులు, కొండలు, వానకాలమున దారి తెగిపోవు వాగులు, హో, సంతాల్, ముండా జాతులవారి పల్లెలు — ఇది ఆ సీమ స్వరూపము. ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ రెండు జిల్లాలలోను, పొరుగున ఒడిషాలోని కియోంఝర్ జిల్లాలోను లెక్క తీసినపుడు, ప్రాణముతో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 58 మంది నెల తిరుగకముందే కన్నుమూయుచుండిరని తేలినది. నూరేండ్ల చరిత్రగల ఆసుపత్రి అంత దగ్గరలో ఉండగా ఇట్లేల జరుగుచుండెను?

ప్రసూతి మరణములకు కారణములు వెదకిన వైద్యులు మూడు ఆలస్యములను గుర్తించియున్నారు. అపాయము వచ్చినదని ఇంటివారు గ్రహించి నిర్ణయము చేసికొనుటలో ఆలస్యము మొదటిది. బండి దొరకి ఆసుపత్రికి చేరుటలో ఆలస్యము రెండవది. చేరిన పిదప తగిన చికిత్స లభించుటలో ఆలస్యము మూడవది. ఆసుపత్రి కట్టినంతమాత్రమున మొదటి రెండును తొలగిపోవు. పురుడు పోసిన తరువాత నెత్తురు ఆగక పోవుచున్న తల్లి రెండు గంటలలో ప్రాణము విడువవచ్చును. ఆ రెండు గంటలలో ఎవరు ఎవరిని పిలువవలెను, ఎడ్లబండియా, మోటారు వాహనమా, డబ్బు ఎవరి చేతిలో ఉన్నది అను ప్రశ్నలకు సమాధానము ఆసుపత్రిలో దొరకదు, ఊరిలోనే దొరకవలెను.

ఈ మొదటి ఆలస్యమును గురించి ఆలోచించినవారు పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలోని చక్రధర్‌పూరులో ‘ఏక్‌జుట్’ అను సంస్థను నెలకొల్పిన వైద్యులు ప్రశాంత త్రిపాఠీ, నిర్మలా నాయర్ దంపతులు. ఏక్‌జుట్ అనగా ఐకమత్యముగా ఉన్నవారని అర్థము. లండను విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన శిశు ఆరోగ్య పరిశోధకులు వీరికి తోడైరి. అంతకు మునుపే నేపాళదేశమున మక్వాన్‌పూర్ జిల్లాలో స్త్రీల సంఘములు నెలనెల కూడి చర్చించుకొనుటవలన నవజాత శిశు మరణములు 30 శాతము తగ్గినవని 2004లో ప్రకటింపబడియుండెను. ఆ పద్ధతినే ఏక్‌జుట్ తన సీమకు అనువుగా మలచుకొనెను.

పద్ధతి చూచుటకు మిక్కిలి సామాన్యము. పొదుపు సంఘముల వంటి స్త్రీల సంఘములు కొన్ని ఊళ్ళలో అప్పటికే కలవు. లేనిచోట్ల క్రొత్తవి ఏర్పరచిరి. మొత్తము 244 సంఘములు. వానిని నడపుటకు డాక్టరుగాని నర్సుగాని రాలేదు. ఆ ప్రాంతపు భాష మాటలాడు, ఆ ప్రాంతముననే పుట్టి పెరిగిన ఒక స్త్రీ నెలకొకమారు వచ్చి సమావేశమును నడిపించెడిది. ఇట్లు 20 సమావేశములు. వచ్చినవారిలో చదువురానివారే అధికులు కావున బొమ్మలు, కథలు, ఆటలు ఆధారమైనవి. ఉపన్యాసములు లేవు. ఈ పద్ధతిలోని సొగసంతయు ఇందులోనే ఉన్నదని చెప్పవచ్చును. ఆరోగ్యశాఖవారి ప్రచారమున ఉపన్యాసములకు కొరత ఎన్నడును లేదుగదా!

ఒక ఆట యున్నది. ఒక శిశువు చనిపోయిన కథ చెప్పి, ‘ఏల?’ అని అడుగుదురు. బొడ్డు చీము పట్టి జ్వరము వచ్చినదని ఒకతె చెప్పును. చీమేల పట్టెను? బొడ్డుత్రాడు కోసిన బ్లేడు పాతది. పాతదేల? క్రొత్తది ఇంటిలో లేదు. ఏల లేదు? నొప్పులు రాకముందు ఎవరును దానిని గురించి తలచలేదు. ఏల తలచలేదు? కోడలి పురుటి విషయమున ముందుగా మాటలాడుట ఆ ఇంట ఆచారము కాదు. ఇట్లు ఒక్కొక్క మెట్టే దిగి పోగా, కడపట ఊరివారు తామే సరిదిద్దుకొనగల సంగతి ఒకటి బయటపడును. తరువాతి నెలలలో దానికి ఉపాయము ఆలోచింతురు. క్రొత్త బ్లేడు, దారము, సబ్బుతో కూడిన పురుటి పొట్లమును గర్భిణి ఉన్న ప్రతి ఇంట ముందే ఉంచుట, అక్కరకు సంఘపు పొదుపునుండి అప్పు ఇచ్చుట, బండిగలవానితో ముందే మాట పుచ్చుకొనుట — ఇవి అట్లు పుట్టిన ఉపాయములు. పిదప ఊరంతటిని పిలిచి పెద్ద సభ చేసి, మగవారి ఎదుటను, అత్తల ఎదుటను, మంత్రసానుల ఎదుటను వానిని చెప్పెడివారు. కోడండ్రు ఒంటరిగా చెప్పిన వినని అత్తలు సంఘము చెప్పగా వినిరి.

ఈ పనికి ఫలము కలదా లేదా యని నిర్ధారించుటకు, మూడు జిల్లాలలోను 36 ప్రాంతములను ఎన్నుకొని, చీట్లు వేసిన రీతిగా 18 ప్రాంతములలో సంఘములను నడపి, తక్కిన 18 ప్రాంతములను పోల్చి చూచుటకు ఉంచిరి. 2005 జూలై చివరనుండి 2008 జూలై వరకు మూడేండ్లపాటు 19,030 పురుళ్ళ వివరములు వ్రాసిరి. సంఘములున్న చోట్ల వేయి జననములకు నవజాత శిశు మరణములు మొదటి ఏడు 55.6, రెండవ ఏడు 37.1, మూడవ ఏడు 36.3. సంఘములు లేని చోట్ల అవి వరుసగా 53.4, 59.6, 64.3. మొత్తముమీద మరణములు 32 శాతము తగ్గినవని 2010లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. ఆ అంకెల వరుసను మరియొకమారు చదువవలెను. మొదటి ఏట రెండువైపుల తేడా ఏమియు లేదు. సంఘములున్నచోట కొంచెము హెచ్చే. స్త్రీలు కూర్చుండి మాటలాడుకొనుటకే ఒక సంవత్సరము పట్టినది. ఏడాది తిరుగగనే లెక్కలు అడుగు అధికారులకు ఇది ఓపిక నేర్పవలసిన సంగతి.

మరియొక విశేషము. ఈ మూడేండ్లలో ఆసుపత్రులకు పోవువారి సంఖ్య చెప్పుకొనదగినంత పెరుగలేదు. చేతులు కడుగుకొనుట, శుభ్రమైన బ్లేడు, శిశువును తుడిచి వెచ్చగా చుట్టుట, మొదటి ఆరువారములు తల్లిపాలు తప్ప వేరేమియు పట్టకుండుట — ఇంటిలో వచ్చిన ఈ మార్పులే ప్రాణములను నిలిపినవని పరిశోధకులు భావించిరి. అట్లని ఆసుపత్రి అనవసరమని తలచరాదు. బొడ్డు చీమును ఇంటిలో నివారింపవచ్చునుగాని, గుర్రపువాతమును, ఆగని రక్తస్రావమును, అడ్డము తిరిగిన బిడ్డను ఇంటిలో ఎవరును నయము చేయజాలరు.

బాలింత మనస్సును గూర్చియు ఈ పరిశోధన ఒక సంగతి తెలిపినది. పురుడైన పిదప కొందరు స్త్రీలు నిష్కారణముగా ఏడ్చుచుందురు, నిద్రపోరు, బిడ్డను దగ్గరకు తీసికొనరు. ఇంటిలోనివారు దీనిని గాలి సోకుట యనియో, పొగరనియో అనుకొనుట కలదు. నిజమునకు ఇది వ్యాకులత యను జబ్బు. సంఘములున్న ప్రాంతములలో, మూడవ సంవత్సరమున, ఒక మోస్తరు వ్యాకులత 57 శాతము తగ్గినట్లు కనుగొనిరి. సంఘములలో ఈ జబ్బునకు మందు ఇచ్చినవారు లేరు. నెలకొకమారు తనవంటి స్త్రీలతో కూర్చుండి మాటలాడుటకును, కష్టము వచ్చినపుడు పిలువదగిన మనుష్యులు ఉండుటకును ఆ స్త్రీలకు వీలు కలిగినది. ప్రసవానంతర సంరక్షణ యనగానే బొడ్డు, బరువు, టీకా తలచుచు తల్లి మనస్సును మరచుట మన వైద్యవ్యవస్థలో ఒక పెద్ద లోపము.

ఇది ఇట్లుండగా సరాయికెలా ప్రాంతముననే 2009లో మరియొక ఉద్యమము మొదలైనది. ‘మాన్సీ’ యని దానికి పేరు. టాటా స్టీలు గ్రామాభివృద్ధి సంఘము, అమెరికన్ ఇండియా ఫౌండేషన్, ఝార్ఖండ్ ప్రభుత్వము, మహారాష్ట్రమునందలి గడ్చిరోలీలోని ‘సెర్చ్’ సంస్థ ఇందులో చేతులు కలిపినవి. సెర్చ్ సంస్థాపకులు డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్. వీరు ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, ఇంటింటికి పంపి, నవజాత శిశువులకు సేవ చేయించి, 39 గ్రామములలో ఆ మరణములను 62 శాతము తగ్గించినట్లు 1999లో ప్రపంచమునకు చూపిరి. ఆ విద్యను సింగ్‌భూమ్ సీమకు తెచ్చి నేర్పిరి. నేర్చుకొన్నవారు ‘సహియా’లు. మనచోట ఆశా కార్యకర్త యనబడు ఆమెకే ఝార్ఖండ్‌లో సహియా యని పేరు. చెలికత్తె యని భావము. పేరు పెట్టినవారు మంచి మాట ఎన్నుకొనిరి.

సహియా పని ఏమనగా: ఇంటిలో పురుడైనచో 1, 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఏడుమారులు, ఆసుపత్రిలో పురుడైనచో 3వ దినమునుండి ఆరుమారులు ఆమె బాలింతను చూడబోవును. సంచిలో ఊయల త్రాసు, ఉష్ణమాపకము, గడియారము ఉండును. చేతులు కడుగుకొని బిడ్డను తూచును. 2,500 గ్రాములకు లోబడినచో ఆ బిడ్డను మరింత కనిపెట్టి చూడవలెను. ఒడలు చల్లబడినచో బట్టలు తొలగించి తల్లి రొమ్మునకు చర్మము చర్మమునకు తగులునట్లు హత్తించి పైన కప్పుటను నేర్పును. నిమిషమునకు ఊపిరి 60 మారులు గాని అంతకు మించి గాని ఆడుచున్నను, ప్రక్కటెముకల క్రింద లోనికి గుంజుచున్నను, పాలు త్రాగుట మానినను, ఏడుపు నీరసించినను, మూర్ఛ వచ్చినను జాగుచేయక ఆసుపత్రికి పంపును. పుట్టినవెంటనే నీళ్ళు పోయుట, తేనె నాకించుట, ముర్రుపాలు పిండి పారబోయుట — ఈ మూడును మానిపించుట ఆమెకు మిక్కిలి కష్టమైన పని. మన తెలుగునాటను ఈ అలవాట్లు పూర్తిగా పోలేదు. 2011నుండి ఈ ఇంటింటి సేవ దేశమంతటను అమలులోనికి వచ్చినది.

తరువాత ఈ రెండు పాయలును కలిసినవి. సంఘములను సహియాలే నడిపినచో ఎట్లుండునని పరీక్షింపగా, ఝార్ఖండ్, ఒడిషాలలోని ఐదు జిల్లాలలో నవజాత శిశు మరణములు సంఘములు లేనిచోట వేయికి 44, ఉన్నచోట 30గా తేలి, 31 శాతము తగ్గినట్లు 2016లో ప్రకటింపబడెను. పిమ్మట ప్రభుత్వమే ఈ పద్ధతిని రాష్ట్రమునందలి అనేక జిల్లాలకు విస్తరింపజేసినది. విస్తరించిన తరువాతి తగ్గుదల 24 శాతమని 2021లో వెలువడిన లెక్క చెప్పుచున్నది. చిన్న ప్రయోగమున వచ్చిన ఫలము పెద్ద ఎత్తున చేసినపుడు కొంత పలుచబడుట సహజమే, నిలిచినదే విశేషము.

ప్రభుత్వపు ఇతర ఏర్పాట్లును ఇందులకు తోడైనవి. 2005లో జననీ సురక్షా యోజన, 2011లో ప్రసూతికి, నవజాత శిశువునకు ఖర్చులేని చికిత్స ఇచ్చు జననీ శిశు సురక్షా కార్యక్రమము, గర్భిణులను మోసికొనిపోవు మమతా వాహనములు, 2016నుండి ప్రతినెల 9వ తేదీన గర్భిణుల పరీక్ష వచ్చినవి. 2001-03లో బీహారు, ఝార్ఖండ్‌లకు కలిపి లక్ష ప్రసవములకు 371గా నుండిన తల్లుల మరణములు, 2018-20 నాటికి ఝార్ఖండ్‌లో 56కు దిగినవి. అదే కాలమున ఆంధ్రప్రదేశ్‌లో అవి 45, తెలంగాణమున 43. ఇంతటి అంతరము ఇంత స్వల్పమగునని ఇరువది ఏండ్లక్రితము ఎవరును ఊహించియుండరు.

జంషెడ్‌పూరులోని తెలుగు కుటుంబములకు సంబంధించిన విషయము ఒకటి ఇచ్చట చెప్పవలసియున్నది. తొలిచూలు పురుటికి ఆడుబిడ్డను పుట్టింటికి పంపుట మన ఆచారము. పుట్టిల్లు శ్రీకాకుళములోనో విజయనగరములోనో ఉన్నచో, నెలలు నిండవచ్చిన గర్భిణి రైలెక్కి రాష్ట్రములు దాటి పోవును. ఆమెను ఆరేడు నెలలు చూచిన సహియాకు గాని నర్సునకు గాని ఆమె పురుడు సంగతి తెలియదు. అక్కడి ఆశా కార్యకర్తకు ఆమె రక్తహీనత, రక్తపోటుల పూర్వచరిత్ర తెలియదు. ఇట్టివారు తల్లీబిడ్డల రక్షణ కార్డును ప్రయాణపు సంచిలో తప్పక ఉంచుకొనవలెను. పుట్టింటికి చేరిన వారములోపల దగ్గరి ఆరోగ్య ఉపకేంద్రమున పేరు వ్రాయించుకొనవలెను. మరల బిడ్డతో జంషెడ్‌పూరు చేరినపుడు, 42 దినములు నిండకున్నను నిండినను, ఆ కార్డును అచ్చటి సహియాకు చూపినచో, మిగిలిన టీకాలును, తల్లి పరీక్షయు ఆగినచోటినుండియే సాగును.