మంచు లేని దీవులలో కొండచరియలు

మన పత్రికలలో ‘హిమపాతం’ అనే మాటను మంచు కురవడానికీ, మంచుచరియలు విరిగిపడడానికీ కూడా వాడుతుంటారు. అండమాన్ నికోబార్ దీవులలో పనిచేసే సోదర ఉద్యోగులకు ఈ అయోమయం లేదు. అక్కడి అత్యున్నత శిఖరం సాడిల్ పీక్ ఎత్తు 732 మీటర్లే; మంచు ఊసే ఉండదు. అయినా వానకాలంలో కొండ కిందికి జారుతూనే ఉంటుంది.

మంచుచరియల సంగతి వేరు. పొరలుగా పేరుకున్న మంచులో బలహీనమైన పొర ఒకటి తెగితే పైభాగం ఒక్కసారిగా దూకుతుంది. 30 నుండి 45 డిగ్రీల వాలు ఇందుకు అనువైనది. పొడిమంచు వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటుతుంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు కింద చిక్కి అమరులైన పదిమంది సైనికులలో మన కర్నూలు జిల్లా వాసి ఒకరు.

అండమాన్‌లో శత్రువు నీరు. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం, అదీ రెండు ఋతుపవనాలలోనూ. ఇసుకరాయి, బురద గట్టిపడి ఏర్పడిన పొరరాయి అక్కడ ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటాయి. భూఫలకాల ఒత్తిడికి అవి ముడతలుపడి పగుళ్లిచ్చాయి. ఆ సందులలోకి నీరు చేరితే కొండ బరువు పెరుగుతుంది, పొరల మధ్య పట్టు తగ్గుతుంది. దీనికి తోడు భూకంపాలు. 2004 డిసెంబరు 26 నాటి ప్రళయాన్ని ఎవరు మరువగలరు?

శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) నుండి డిగ్లీపూర్ వరకు సుమారు 330 కిలోమీటర్ల ట్రంక్ రోడ్డు పలుచోట్ల కొండ పాదాన్ని తొలిచి వేసినదే. అది తెగితే మాయాబందర్ నుండి రాజధాని ఆసుపత్రికి రావలసిన రోగికి ఓడో, హెలికాప్టరో దిక్కు.

మంచు ఎండకు కరిగిపోతుంది. జారిన మట్టి మాత్రం అక్కడే ఉంటుంది. జారిన చోటే మళ్లీ జారుతుంది. మట్టిని ఎత్తివేయగానే పని అయినట్లు భావించడం సరికాదని నా అభిప్రాయం. అడుగున అడ్డుగా నిలిచిన మట్టిని తీస్తే పైభాగానికి ఆధారం పోయి మరొక చరియ దిగవచ్చు. ముందు నీటికి దారి చూపాలి: వాలు పైన కాలువ, అడ్డుగోడలో నీరు కారే రంధ్రాలు. మనబోటివారు గమనించదగినవీ ఉన్నాయి. రోడ్డు అంచున కొత్త పగులు, ఒరిగిన చెట్లు, ఎప్పుడూ తేటగా పారే ఊట హఠాత్తుగా బురదగా మారడం. అట్టి చోట వానలో వాహనం ఆపరాదు.