పుట్టింటి ప్రయాణానికి ముందు ప్లేట్‌లెట్ల లెక్క

బిలాస్‌పూర్‌లో రైల్వేలోనూ బొగ్గు సంస్థలోనూ మనలాంటి బ్యాంకుల్లోనూ పనిచేసే తెలుగు కుటుంబాల్లో తొలి కాన్పుకు అమ్మాయిని పుట్టింటికి పంపే ఆనవాయితీ ఇంకా ఉంది. లింగియాడీహ్‌లో అపోలో ఆసుపత్రి ఉంది, విశాఖలోనూ పెద్ద ఆసుపత్రులున్నాయి. మధ్యలో రాయగడ మీదుగా కొండదారి. కోర్బా–విశాఖ రైలుకు టికెట్ తీసే ముందే బీపీ, మూత్రంలో ప్రొటీన్, ప్లేట్‌లెట్లు చూపించుకోవడం మంచిది.

గర్భిణి రక్తం మామూలుగానే త్వరగా గడ్డకడుతుంది. కాన్పులో రక్తస్రావం అదుపులో ఉండటానికి శరీరం చేసుకునే ఏర్పాటిది. ఫైబ్రినోజెన్ పెరుగుతుంది, గడ్డకట్టకుండా ఆపే ప్రొటీన్ ఎస్ తగ్గుతుంది. చిక్కల్లా ప్రీఎక్లాంప్సియా వస్తేనే. 20 వారాల తర్వాత బీపీ 140/90 దాటి, మూత్రంలో ప్రొటీన్ పోవడం దీని సాధారణ లక్షణం. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అనేది దాన్నే. ఇందులో రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, మాయలోనూ ఇతర అవయవాల్లోనూ సన్నని గడ్డలు ఏర్పడతాయి. వాటికే ప్లేట్‌లెట్లు ఖర్చయిపోతాయి. ఉదయమే నగదంతా చిల్లర చెల్లింపులకు పోయి, పెద్ద చెక్కు వచ్చేసరికి క్యాషియర్ దగ్గర ఏమీ లేనట్టు, కాన్పు వేళకు రక్తం ఆగదు. గర్భంలో ప్లేట్‌లెట్లు కొద్దిగా తగ్గడం మామూలే. బీపీతోపాటు అవి లక్షలోపు పడితే మాత్రం ప్రయాణం మాట మరిచి ఆసుపత్రిలో చేరాలి.

ఇది వంశపారంపర్యమా? కొంతవరకు అవును. తల్లికో అక్కచెల్లెళ్లకో వచ్చి ఉంటే ప్రమాదం ఎక్కువ. అయితే తప్పంతా కోడలి తరఫుదే అనేవారు ఒకటి తెలుసుకోవాలి: 2017లో వెలువడిన పరిశోధన బిడ్డలోని ఎఫ్‌ఎల్‌టి1 జన్యువు దగ్గరి తేడాకు ఈ వ్యాధితో సంబంధం చూపింది. బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివే. 1994లో నెదర్లాండ్స్‌లో కనుగొన్న ఫ్యాక్టర్ ఫైవ్ లీడెన్ అనే గడ్డకట్టే లోపం మనవారిలో అరుదు. అందరూ ఆ ఖరీదైన పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లో ముందు అడగాల్సింది సికిల్‌సెల్ పరీక్ష. ఆ జబ్బున్న గర్భిణులకు గడ్డల ముప్పు, ప్రీఎక్లాంప్సియా ముప్పు రెండూ పెరుగుతాయి.

ముప్పు ఎక్కువున్నవారికి డాక్టర్లు చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇస్తారు. అది 16 వారాల లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఏడో నెలలో, సామాన్లు సర్దేటప్పుడు అడిగితే ఆలస్యమే. సొంతంగా మాత్రం వేసుకోకూడదు. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ఆ కాగితాలన్నీ తేదీల వరుసలో ఒకే ఫైల్లో పెట్టి చేతిసంచిలో ఉంచుకోవాలి. పుట్టింటి ఊరి డాక్టరుకు నేటి ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే చాలదు, గత నెలది కూడా కావాలి.

కాన్పయినా ఆరు వారాలు జాగ్రత్త అవసరం. తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడి డొక్కలో నొప్పి, ఒక కాలికే వాపు కనిపిస్తే బాలింతకు నిద్ర చాలక అనుకోకుండా వెంటనే బీపీ చూపించండి.