గీత వెంట పరుగు: రెజీ బ్లింకర్ జీవితం

పుట్టిన ఊరు ఒక పాలనలోను, చదువు, కొలువు మరొక పాలనలోను గడచిన కుటుంబాలు మన పాఠకులలో అనేకం. ఏ కార్యాలయానికి వెళ్ళినా "మీరు ఎక్కడివారు?" అన్న ప్రశ్న తప్పదు. నోటి మాట చాలదు, కాగితం చూపాలి. అట్లాంటిక్ మహాసముద్రానికి ఆవల ఉన్న సురినామ్ అనే చిన్న దేశపు ఫుట్‌బాల్ క్రీడాకారులకు ఇదే ప్రశ్న దశాబ్దాల పాటు ఎదురైంది. వారిలో ఒకడైన రెజీ బ్లింకర్ జీవితాన్ని ఈ వారం పరిచయం చేస్తున్నాము. అతని పాదాల నేర్పు ఒక ఎత్తు కాగా, అతని దారిని మళ్ళించిన రెండు కాగితాల కథ మరొక ఎత్తు.

మొదటి కాగితం: పౌరసత్వం

సురినామ్ దక్షిణ అమెరికా ఖండపు ఈశాన్య తీరాన ఉంది. రాజధాని పారామారిబో. జనాభా 6 లక్షలకు కొంచెం పైన. చాలాకాలం డచ్చివారి ఏలుబడిలో ఉన్నందున నేటికీ అక్కడి అధికార భాష డచ్చి. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన వారి సంతతి అక్కడ ఒక పెద్ద వర్గం. భారతీయ సంతతి మరొక పెద్ద వర్గం. 1873లో కలకత్తా నుండి 'లల్లా రూఖ్' అనే నౌక మొదటి కూలీలను చేర్చింది. 1916 వరకు సుమారు 34 వేల మంది ఆ విధంగా ఒప్పందపు కూలీలుగా వెళ్ళారు.

బ్లింకర్ 1969 జూన్ 4న పారామారిబోలో జన్మించాడు. బాల్యంలోనే నెదర్లాండ్స్ చేరి అక్కడే పెరిగాడు. 1975 నవంబరు 25న సురినామ్ స్వతంత్ర దేశమయింది. ఆ ముందు వెనుకల సంవత్సరాలలో జనాభాలో సుమారు మూడవ వంతు నెదర్లాండ్స్‌కు తరలిపోయింది. ఉభయ దేశాల ఒప్పందం ప్రకారం, స్థూలంగా చెప్పాలంటే, ఆ రోజున సురినామ్‌లో నివసిస్తున్న వారు ఆ దేశ పౌరులయ్యారు. నెదర్లాండ్స్‌లో ఉన్న వారు డచ్చి పౌరులుగానే మిగిలారు. ఒకే ఇంటి అన్నదమ్ములు రెండు దేశాల పౌరులు కావడానికి ఒక ఓడ ప్రయాణమో, విమాన ప్రయాణమో చాలింది.

దీని ఫలితం ఫుట్‌బాల్ మీద పడింది. సురినామ్ జాతీయ జట్టులో ఆడాలంటే సురినామ్ పాస్‌పోర్టు ఉండాలి. ఐరోపాలో పేరు తెచ్చుకున్న వారి చేతిలో ఉన్నది డచ్చి పాస్‌పోర్టు. అందువలన పారామారిబోలోనే పుట్టిన క్లారెన్స్ సీడార్ఫ్, ఎడ్గార్ డేవిడ్స్ వంటి వారు సైతం నెదర్లాండ్స్ నారింజ రంగు చొక్కా ధరించారు. కన్నభూమిలో ఆడాలని కోరిక కలిగితే స్నేహపూర్వక జట్టుగా వెళ్ళడమే మార్గం. ఆ విధంగా 1989 జూన్ 7న సురినామ్ మూలాలు గల క్రీడాకారులు ప్రయాణించిన విమానం పారామారిబో సమీపాన కూలిపోయి 176 మంది మరణించారు. ఆ దుఃఖం ఆ తరం మొత్తాన్నీ వెంటాడింది.

వింగర్ అంటే ఎవరు?

మైదానపు అంచు గీత వెంట బంతిని తీసుకొనిపోయే ఆటగాడిని వింగర్ అంటారు. ఎదురుగా నిలిచిన కాపరిని వేగంతో గాని, ఒడుపుతో గాని దాటి, గోలు ముందు నిలిచిన తన వారికి బంతిని అందించడం అతని పని. గోలు కొట్టినవాడి పేరు పత్రికలకు ఎక్కుతుంది. దారి తెరచిన వాడి పేరు చాలాసార్లు ఎక్కదు.

బ్లింకర్ ఎడమ గీత వెంట ఆడేవాడు. పొడవాటి జడల జుట్టుతో దూరం నుండే గుర్తుపట్టేలా ఉండేవాడు. 1986లో రోటర్‌డామ్ నగరపు ప్రఖ్యాత క్లబ్బు ఫెయెనూర్డ్ తరఫున రంగప్రవేశం చేశాడు. మధ్యలో కొంతకాలం డెన్ బాష్ క్లబ్బుకు అప్పుగా వెళ్ళి, తిరిగి వచ్చి 1996 వరకు అక్కడే ఆడాడు. ఎడమ వైపు అతడు, కుడి వైపు గాస్టన్ టౌమెంట్ పరుగులు తీస్తుండగా ఫెయెనూర్డ్ 1991, 1992, 1994, 1995 సంవత్సరాలలో డచ్చి కప్పును గెలిచింది. 1993లో, తొమ్మిదేళ్ళ విరామం తరువాత, లీగు విజేతగా నిలిచింది.

అదే 1993లో నెదర్లాండ్స్ జాతీయ జట్టు నుండి పిలుపు వచ్చింది. అయితే అతనికి దక్కినవి మూడు మ్యాచ్‌లు మాత్రమే. బ్రయాన్ రాయ్, మార్క్ ఓవర్‌మార్స్ వంటి వింగర్లు అప్పుడు పోటీలో ఉన్నారు. 1994 ప్రపంచ కప్పు జట్టులో బ్లింకర్‌కు చోటు లభించలేదు. నెదర్లాండ్స్‌లో పోటీ అంత గట్టిది. సురినామ్ జట్టుకైతే అటువంటి ఆటగాడు ఏళ్ళ తరబడి వెన్నెముక కాగలిగేవాడు. కాని ఆ తలుపు కాగితంతో మూసి ఉంది.

రెండవ కాగితం: ఒప్పందం

1996లో బ్లింకర్ ఇంగ్లండులోని షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బులో చేరాడు. ఆస్టన్ విల్లాపై ఆడిన తొలి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. జట్టు 3-2తో ఓడినా అతని పేరు మారుమ్రోగింది.

ఇంతలో ఒక చిక్కు బయటపడింది. ఇటలీలోని ఉడినేజె క్లబ్బుతో కూడా అతడు ముందస్తు ఒప్పందంపై సంతకం చేసి ఉన్నాడు. వృత్తి ఆటగాడు ఒకే సమయంలో ఇద్దరు యజమానులకు మాట ఇవ్వరాదు. ముందస్తు ఒప్పందమైనా ఒప్పందమే. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా అతనికి జరిమానా విధించి, కొంతకాలం ఆటకు దూరంగా ఉంచింది. వింగర్ ఆయువు అతని వేగంలో ఉంటుంది. 27 ఏళ్ళ వయసులో, కాళ్ళు సత్తువతో ఉన్న రోజులలో మైదానం బయట కూర్చోవడం అతనికి కలిగిన అసలు నష్టం.

1997 ఆగస్టులో స్కాట్లండులోని సెల్టిక్ క్లబ్బుకు మారాడు. సెల్టిక్ నుండి పావొలో డి కానియో షెఫీల్డుకు వెళ్ళగా, బ్లింకర్‌తో పాటు కొంత సొమ్ము కూడా సెల్టిక్‌కు ముట్టింది. అక్కడి శిక్షకుడు విమ్ యాన్సెన్, సహచరుడు హెన్రిక్ లార్సన్ ఇద్దరూ ఫెయెనూర్డ్‌లో పనిచేసినవారే. గ్లాస్గో నగరంలోని ప్రత్యర్థి రేంజర్స్ అప్పటికి వరుసగా 9 సార్లు లీగు గెలిచింది. సెల్టిక్ కూడా పూర్వం 9 సార్లు వరుసగా గెలిచి ఉన్నందున, పదవ విజయం రేంజర్స్‌కు దక్కితే ఆ ఘనత చెరిగిపోతుంది. 1998 మే 9న, చివరి రోజున, సెల్టిక్ విజేతగా నిలిచి దానిని అడ్డుకున్నది. ఆ జట్టు సభ్యులలో బ్లింకర్ ఒకడు.

ఆట ముగిసిన తరువాత

2000లో నెదర్లాండ్స్‌కు తిరిగి వచ్చి ఆర్‌బీసీ రోసెండాల్, ఆ పిదప స్పార్టా రోటర్‌డామ్ క్లబ్బులలో ఆడి 2003లో విరమించాడు. అప్పటికి వయసు 34. ఇతర వృత్తులలో అది ఎదుగుదల వయసు. ఫుట్‌బాల్‌లో అది పదవీ విరమణ. చిన్ననాటి నుండి ఆట తప్ప వేరొకటి నేర్వని వారికి ఆ మరునాటి ఉదయం ఎంతో బరువైనది. బ్లింకర్ ఆ బరువునే తన వ్యాపకంగా మలచుకొని, 'లైఫ్ ఆఫ్టర్ ఫుట్‌బాల్' అనే పత్రికను నెలకొల్పాడు. ఆట తరువాతి జీవితం అని ఆ పేరుకు అర్థం.

2019లో సురినామ్ తన నియమాన్ని సడలించింది. విదేశీ పౌరసత్వం ఉన్న సురినామ్ సంతతి వారికి 'క్రీడా పాస్‌పోర్టు' ఇచ్చి జాతీయ జట్టులో ఆడనిచ్చింది. 2021లో ఆ దేశం ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ దేశాల గోల్డ్ కప్పు పోటీలో తొలిసారి పాల్గొని గ్వాడెలూప్‌పై గెలిచింది. ఆ తలుపు తెరుచుకొనే నాటికి బ్లింకర్‌కు 50 ఏళ్ళు నిండాయి.

మన ఇళ్ళలోని పిల్లలు ఆటల వైపు వెళితే సంతోషించవలసినదే. వారు సంతకం చేయబోయే కాగితాన్ని ముందుగా పెద్దలు ఒకసారి చదవడం మరువరాదు. బ్లింకర్ జీవితంలో ఒక కాగితం అతని చేతిలో లేనిది, మరొకటి అతని చేతిలో ఉన్నది. మొదటిదానికి ఎవరినీ తప్పుపట్టలేము. రెండవదానికి ఒక గంట ఆలోచన చాలి ఉండేది.