కార్మిక నాయకుడు, కవి మఖ్దూం మొహియుద్దీన్

నకిరేకల్ మీదుగా పోయే రహదారిని పట్టుకొని పడమరకు సాగితే హైదరాబాదు నగరం చేరవచ్చును. తూర్పునకు సాగి, సూర్యాపేట దాటి దక్షిణానికి తిరిగితే హుజూర్‌నగర్ చేరవచ్చును. నిజాం ఏలుబడినాడు ఒకచోట యంత్రశాలల కార్మికులు, మరొకచోట దొరల పొలాలలో వెట్టి చేసే రైతుకూలీలు. వారి పలుకుబడి వేరైనను పడిన కష్టం ఒక్కటే. ఆ సంగతి గ్రహించిన నాయకులలో అగ్రగణ్యుడు మఖ్దూం మొహియుద్దీన్.

ఆయన 1908 ఫిబ్రవరి 4న నాటి మెదక్ జిల్లా ఆందోల్‌లో జన్మించారు. బాల్యంలోనే తండ్రి గతించగా పినతండ్రి పెంచారు. రష్యాలో విప్లవం వచ్చినదనీ, అక్కడ ధనికులూ దరిద్రులూ ఒకే పంక్తిలో కూర్చుండి భుజిస్తారనీ పినతండ్రి చెప్పిన మాట ఆ బాలుని మనసులో నాటుకొన్నదట.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేసి, 1939లో సిటీ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. అప్పటికే ఉర్దూ కవిగా పేరు పొందినవారు. పేదవానికి అట్టి ఉద్యోగం దొరకడమే భాగ్యమనుకొనే కాలమది. ఐనను 1941లో దానిని వదలుకొని కార్మికవాడలకు తరలిపోయారు.

ఆ పని సులభమైనది కాదు. సంస్థానంలో సభ జరపవలెనంటే ముందుగా ప్రభుత్వ అనుమతి పొందవలెను. గస్తీ నిషాన్ 53 అనే శాసనం అందుకే పుట్టినది. అట్టి నిర్బంధంలోనే రైల్వే కార్మికులను, సిగరెట్ కర్మాగారంలో పనిచేసేవారిని, బట్టల మిల్లులవారిని సంఘాలుగా కూర్చారు. 1946లో అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడగా దానికి అధ్యక్షులైనారు. ఈ శ్రమ నడుమనే, 1944లో, ‘సుర్ఖ్ సవేరా’, అనగా ‘ఎర్రని ఉదయం’, అనే తొలి కవితాసంపుటి వెలువడినది.

1947 సెప్టెంబరు 11న నిజాంపై సాయుధపోరాటానికి పిలుపునిచ్చిన ప్రకటనపై మూడు సంతకాలు ఉన్నవి. రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డిగార్ల సరసన మూడవది మఖ్దూం సంతకం. నగరంలోని కార్మికోద్యమం పల్లెల రైతాంగంతో చేయి కలిపినదనుటకు అంతకంటె సాక్ష్యమేమి కావలెను? తరువాత ఆయన అజ్ఞాతవాసం గడిపి, 1951లో అరెస్టయి చెరసాల పాలైనారు.

విడుదలైన పిమ్మట, 1952లో హుజూర్‌నగర్ ఉపఎన్నికలో నిలిచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైనారు. తెలుగు పల్లెల రైతులు, నగరవాసియైన ఉర్దూ కవిని తమ ప్రతినిధిగా ఎన్నుకొన్నారు. ఆయన గజళ్లు వారిలో ఎందరు చదివియుందురు? వారు చూచినది ఆయన భాషను కాదు, మతాన్ని కాదు. తమకొరకు చెరసాలకు పోయిన మనిషిని.

తరువాత మరణపర్యంతం ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యులుగా పనిచేశారు. 1961లో ‘గుల్-ఎ-తర్’, 1966లో ‘బిసాత్-ఎ-రక్స్’ వెలువడినవి. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. ఆ సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం ‘బిసాత్-ఎ-రక్స్’కే లభించినది.

పెదవిపై ప్రేమగీతం, చేతిలో కార్మికుల వినతిపత్రం: ఈ రెండూ ఒకే హృదయం నుండి పుట్టగలవని ఆయన బ్రతుకు తెలుపుతున్నది. సిటీ కళాశాలలో ఆయన పాఠం చెప్పినది రెండేండ్లే. ఆ గది విడిచి నేర్పిన పాఠం హుజూర్‌నగర్ రైతులకు సైతం అర్థమైనది.