లాడ్‌బజార్ గాజులకు వెబ్‌సైట్: అపోహలు – వాస్తవాలు

చార్మినార్‌కు పడమటగా సాగే లాడ్‌బజార్‌లో లక్క గాజు మన కళ్లముందే తయారవుతుంది. నిప్పుల సెగకు లక్కను మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు ఒక్కొక్కటిగా అద్దుతారు. ఈ గాజులకు 2024 మార్చిలో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఇంత పేరున్న సరుకు చేతిలో ఉన్నప్పుడు వెబ్‌సైట్ పెట్టాలనిపించడం సహజం. పెట్టాలి కూడా. కాకపోతే పాతబస్తీ దుకాణదారు పైసా పైసా కూడబెట్టిన సొమ్ము కొన్ని తప్పుడు నమ్మకాల మీద ఖర్చయిపోకూడదు.

అపోహ: సైట్ చూడముచ్చటగా ఉంటే గిరాకీ అదే వస్తుంది.

దుకాణంలో అమ్మే మనిషి మొదట చూసేది కొనే ఆమె చేతిని. చూడగానే ‘మీకు టూ సిక్స్ పడుతుందమ్మా’ అంటాడు. తొడిగి చూపిస్తాడు. బిగువైతే ఇంకోటి తీస్తాడు, లేదా కాస్త వేడి చేసి సరిచేసి ఇస్తాడు. వెబ్‌సైట్‌కు ఆ కన్నూ లేదు, ఆ చెయ్యీ లేదు. ఆ పనంతా అక్కడి రాతలూ ఫొటోలే చేయాలి.

గాజు సైజునే తీసుకోండి. బజార్లో 2.4 అని రాసినా, అది రెండు అంగుళాల మీద అంగుళంలో పదహారింట నాలుగు వంతులు. అంటే లోపలి వ్యాసం 57 మిల్లీమీటర్ల పైచిలుకు. 2.6 అంటే 60, 2.8 అంటే 63.5. ఈ లెక్క తెలియని కొనుగోలుదారు 2.4ను దశాంశంగా చదివితే 61 మిల్లీమీటర్లు అనుకుంటుంది. నాలుగు మిల్లీమీటర్ల తేడా గాజుకు చాలా ఎక్కువ, పిడికిలి దాటదు. ఇక 2.10 సంగతి మరీ అన్యాయం. కంప్యూటర్‌లో సరుకు పట్టిక తయారుచేసేటప్పుడు చివరి సున్నా ఎగిరిపోయి అది 2.1 అవుతుంది. పెద్ద సైజు గాజు అన్నిటికంటే చిన్నదిగా పట్టిక మొదట్లో కూర్చుంటుంది.

అందుకే ప్రతి గాజు పక్కన మిల్లీమీటర్లు రాయాలి. ఇంట్లో ఉన్న సరిపోయే గాజును స్కేలు మీద పెట్టి లోపలి అంచు నుంచి లోపలి అంచుకు ఎలా కొలవాలో ఒక ఫొటోతో చూపాలి. ట్యూబులైటు కింద తీసిన ఫొటోలో రాళ్లన్నీ ఒకే తెల్ల మెరుపైపోతాయి. పగటి వెలుతురులో, చేతికి తొడిగి ఒకటి, విడిగా ఒకటి తీయాలి. జత ఖరీదా, సెట్టు ఖరీదా అన్నది ధర పక్కనే ఉండాలి. డల్లాస్‌లో ఉన్న తెలుగింటి ఆడపడుచు సైజు తప్పి గాజు వెనక్కి పంపాలంటే, గాజు ఖరీదుకు మించి పార్సిల్ ఖర్చే అవుతుంది. హోమ్ పేజీలో కదిలే బొమ్మల మీద పెట్టే డబ్బులో సగం ఈ పని మీద పెట్టినా సైట్ నిలబడుతుందని నా గట్టి నమ్మకం.

అపోహ: ఆర్డర్లు వస్తున్నాయంటే లాభం వస్తున్నట్టే.

కాగితం మీద ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే, మీ అంకెలు మీరు వేసుకోండి. 800 రూపాయల జత. సరుకు ఖరీదు 450. కొరియర్ 90. రాళ్లు ఊడకుండా పెట్టే గట్టి డబ్బా 40. కార్డు చెల్లింపు మీద గేట్‌వే రెండు శాతం తీసుకుంటే, దాని మీద జీఎస్టీతో కలిపి దాదాపు 19. మిగిలింది 201 రూపాయలు. ఇప్పుడు ప్రకటన మీద ఒక్కో క్లిక్కుకు 5 రూపాయలు పడుతూ, 50 మంది చూస్తే ఒకరు కొన్నారనుకోండి. ఆ ఒక్క ఆర్డరుకు 250 రూపాయలు ప్రకటనకే పోయాయి. ఎన్ని ఎక్కువ అమ్మితే అంత నష్టం.

దీనికి మందు ప్రకటనలు మానేయడం కాదు, ఒక్కో ఆర్డరు విలువ పెంచడం. ఒక జతకు బదులు పెళ్లికూతురి సెట్టు అమ్మితే కొరియర్, డబ్బా, ప్రకటన ఖర్చులు అన్ని రెట్లు పెరగవు. పాత కొనుగోలుదారు అక్కచెల్లెళ్ల కోసం మళ్లీ వస్తే ప్రకటన ఖర్చే ఉండదు. సైట్ కట్టించకముందే ఈ లెక్క వేసుకోవాలి. ఏ సరుకు పెట్టాలి, ఏది దుకాణానికే ఉంచాలి అన్నది అక్కడే తేలిపోతుంది.

అపోహ: ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ ఉండగా సైట్ దండగ.

మొదలుపెట్టడానికి అవి చాలు, అది నిజమే. గూగుల్‌లో దుకాణం వివరాలు నమోదు చేసుకోవడం ఉచితం, అందరూ చేయాల్సిన పని. కానీ అవి అద్దె ఇళ్లు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ కలిసి ఆరు గంటలపాటు ఆగిపోయాయి. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించినప్పుడు అక్కడ పోగుచేసుకున్న అభిమానులు రాత్రికి రాత్రే పోయారు. దుకాణాల నమోదుతో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లు 2024 మార్చిలో మూతపడ్డాయి. జనాన్ని అక్కడ కలవండి, చిరునామా మాత్రం మీది ఇవ్వండి.

అపోహ: డబ్బు కడితే గూగుల్‌లో మొదటి స్థానం గ్యారంటీ.

ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే రాతపూర్వకంగా చెబుతోంది. డబ్బుకు దొరికేది ప్రకటన స్థలం. మామూలు ఫలితాల్లో పైకి రావాలంటే జనం వెతికే ప్రశ్నకు మీ పేజీలో జవాబుండాలి, దానికి సమయం పడుతుంది. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రంజాన్ గాజుల పేజీ నెలవంక కనిపించాక పెడితే ఆ ఏడు ఎవరికీ కనిపించదు. శ్రావణమాసం పెళ్లిళ్లకూ అంతే, రెండు మూడు నెలల ముందే పేజీ సిద్ధం కావాలి. తెలుగులో వెతికేవారి కోసం నాలుగు తెలుగు వాక్యాలైనా ఉండాలి.

అపోహ: జీఐ వచ్చింది కాబట్టి ఆ ముద్ర ఎవరైనా వాడుకోవచ్చు.

లేదు. 1999 నాటి జీఐ చట్టం ప్రకారం అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేయించుకున్నవారికే ఆ హక్కు. నమోదైతే ఆ సంగతి సైట్‌లో ధైర్యంగా చెప్పండి. పోత గాజులకూ చేతిపని గాజులకూ తేడా తెలియని దూరపు కొనుగోలుదారుకు అదొక భరోసా.

అపోహ: సైట్ కట్టినవాళ్లే అన్నీ చూసుకుంటారు.

సైట్ చిరునామా, అంటే డొమైన్, ఎవరి పేరున కొంటే వారిదే. చాలామంది దుకాణదారులు ఇది అడగరు. కుర్రాడెవరో తన ఈమెయిల్‌తో కొని పెడతాడు. ఏటా వచ్చే రెన్యువల్ నోటీసు అతనికే వెళుతుంది. అతను ఉద్యోగం మారి ఫోన్ ఎత్తకపోతే, బిల్లుల మీదా సంచుల మీదా అచ్చేయించిన చిరునామా గడువు తీరి ఇంకొకరి పాలవుతుంది. అందుకే అడ్వాన్స్ ఇచ్చే రోజే డొమైన్, హోస్టింగ్, చెల్లింపుల ఖాతా మూడూ మీ పేరున, మీ ఈమెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో తెరిపించుకోండి. పాస్‌వర్డులు రాసి గల్లాపెట్టెలో పెట్టి తాళం వేసుకోండి.