వృద్ధాశ్రమమును పరీక్షించుట యెట్లు?

గడచిన వేసవిలో మా అక్కగారు స్నానపుగదిలో జారిపడి తుంటియెముక విరుగగొట్టుకొనిరి. శస్త్రచికిత్స జరిగినది గాని పూర్వపు నడక రాలేదు. ఆమెకు 78 ఏండ్లు, నాకు 67. ఆమె బిడ్డలిద్దఱును దేశాంతరమున నున్నారు. ఆళ్లగడ్డలోని మా యింట ఆమెను లేవనెత్తి కూర్చుండబెట్టుటకు నాకును నా భార్యకును శక్తి చాలదు. అందుచేత రెండు నెలలలో నాలుగు వృద్ధాశ్రమములను చూచి వచ్చితిని. పాఠశాలకు ఇనస్పెక్టరు వచ్చుదినమున గుమ్మమునకు తోరణములు కట్టుట, పిల్లలకు జవాబులు ముందే నేర్పియుంచుట ముప్పదియేండ్లు చేసినవాడను. ఆ విద్య యిప్పుడు తలక్రిందుగా నాకు పనికి వచ్చినది.

వృద్ధాశ్రమమనగానే మనవారు మొగము చిట్లింతురు. వానప్రస్థము మన పూర్వుల దేకదా యని కొందఱు సమాధానము చెప్పుదురు. అది సరికాదు. వానప్రస్థుడు తాను కోరి పోయెను. కాలు విరిగిన ముదుసలిని మనము పంపుచున్నాము. కావున ఎట్టిచోటికి పంపుచున్నామో చూడవలసిన భారము మనదే.

మొదట చట్టము మాట. తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమములకై 2007లో కేంద్రప్రభుత్వము శాసనము చేసినది. 60 ఏండ్లు నిండినవారెల్లరు దాని దృష్టిలో వయోవృద్ధులు. జిల్లాకొక్కటియైనను, 150 మందికి తక్కువ గాకుండ దిక్కులేని వృద్ధులకు చాలునట్టి ఆశ్రమమును రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చునని అందు గలదు. 'నెలకొల్పవచ్చును' అన్న క్రియకును 'నెలకొల్పవలెను' అన్న క్రియకును గల భేదమును వ్యాకరణము చదివినవారికి నేను చెప్పనక్కరలేదు. మన నంద్యాల 2022 ఏప్రిలు 4వ తేదీన జిల్లాయైనది. ఆ వాక్యము మనకును వర్తించును.

ఆ చట్టము ననుసరించి వెలువడిన మాదిరి నియమములలో ఒక లెక్క కలదు. పడకగదిలో మనిషి యొక్కరికి 7.5 చదరపు మీటరులు, అనగా సుమారు 80 చదరపు అడుగులు ఉండవలెను. వంటయిల్లు, భోజనశాల మొదలగునవి చేర్చి, వరండాలు విడిచి, 12 చదరపు మీటరులు. ఇవి దిక్కులేనివారి ఆశ్రమములకు వ్రాసిన కొలతలు. నెలనెలా సొమ్ము పుచ్చుకొనుచోట ఇంతకు తగ్గుట న్యాయమా? నేను టేపు వెంట గొనిపోయితిని. ఒకచోట అది చూచి మేనేజరుగారు నవ్విరి. కొలిచిన పిమ్మట నవ్వలేదు.

కొలతలకంటె నేల ముఖ్యము. మన ప్రాంతమున బేతంచెర్ల బండలు పఱచుట వాడుక. నునుపు చేసిన బండ చూపునకు అందముగా నుండును గాని, తడిసిన యెడల ముసలికాలికి శత్రువు. కావున స్నానపుగదిలో నీళ్లు చల్లి, నడచి చూడుడు. మరుగుదొడ్డి ప్రక్క గోడకు పట్టుకొను కమ్మి యున్నదా? చక్రాల కుర్చీ ద్వారమున పట్టునా? రాత్రి దీపము మంచముమీదినుండి చేతికందునా? మా అక్కగారు పడినది ఈ మూడును లేని గదిలోనే. అది మా యింటిదే. ఇతరులను నిందింప నాకు హక్కు లేదు.

చెప్పి పోయినచో తోరణములే చూతుము. ఒకసారి చెప్పి పొండు, మఱియొకసారి చెప్పక రాత్రి ఎనిమిది గంటలకు పొండు. నేనట్లు పోయినచోట ముప్పదిమందికి పైబడిన వృద్ధులకు కావలివాడొక్కడే మెలకువగా నుండెను. పగలు పూజామందిరము, టెలివిజను చూపి మురిసిన ఆశ్రమమే అది. "రాత్రి పండ్రెండు గంటలకు గంట మ్రోగించినచో ఎవరు వత్తురు?" అన్నది నా మొదటి ప్రశ్న. "నెప్పి వచ్చినచో ఏ యాసుపత్రికి, ఏ వాహనమున?" అన్నది రెండవది. ఆళ్లగడ్డనుండి నంద్యాలకు రమారమి 40 కిలోమీటరులు. ఆ దూరమును అర్ధరాత్రి దాటించువాడెవడో ముందే తెలియవలెను.

మంచము పట్టినవారిని చూడనిండని వినయముగా నడుగుడు. కదలలేనివారిని రెండు గంటల కొకసారియైన ప్రక్కకు త్రిప్పకున్నచో వీపున, మడమలను పుండ్లు పడును. ఆ పుండ్లు చెప్పునంత నిజము ఏ కరపత్రమును చెప్పదు. ముసలితనమున దాహము తెలియుట తగ్గును. మన నంద్యాల యెండలలో నీరు త్రాగింపనిచో మతి తప్పుట, మూర్ఛ కలుగుట వింత గాదు. చెంబు మంచము ప్రక్కనున్నదా, గది మూలనున్నదా? ఎవరికి ఏ మాత్ర ఏ వేళ నిచ్చిరో వ్రాసిన పుస్తకమున్నదా? నేటి సాయంకాలపు గడులు ఉదయమే నింపియున్నచో అది పుస్తకము గాదు, నాటకము.

భోజనము వేళకు పోయి వారితో కూర్చుండి తినుడు. జొన్నరొట్టె నమలలేని నోటికి మెత్తని సంగటి వేఱుగా చేయుదురా, లేక అందఱకు నొకటే గిన్నెయా? పనిచేయు పిల్లలు "అవ్వా", "పెద్దమ్మా" యని పిలుచుచున్నారా, మంచము నంబరుతో పిలుచుచున్నారా? ఒకచోట ఒక పెద్దమనిషి నా చేయి పట్టుకొని "నేడు ఏ తిథి?" అని యడిగెను. ఆ హాలున పంచాంగముగాని కాలెండరుగాని లేదు. నేను చెప్పితిని, గడియకే మరల నడిగెను.

సొమ్ము విషయము క్లుప్తముగా చెప్పెదను. డిపాజిటు తిరిగి వచ్చునా, వ్యాధి ముదిరినచో ఉంచుకొందురా పంపివేయుదురా, ఈ రెంటిని కాగితముమీద వ్రాయించుకొనుడు. ఆస్తి నెవరికైన వ్రాసియిచ్చునప్పుడు పోషణ షరతును దస్తావేజులోనే చేర్పింపుడు. పై చట్టపు 23వ సెక్షను ప్రకారము ఆ షరతు తప్పినచో, వృద్ధులు కోరినయెడల, ట్రిబ్యునలు ఆ బదిలీని రద్దు చేయగలదు. ఆశ్రమమున చేర్చినంతమాత్రమున బిడ్డల బాధ్యత తీరదు. నెలకు 10,000 రూపాయలవరకు భరణమిప్పింప ఆ ట్రిబ్యునలునకు ఆ శాసనము అధికారమిచ్చినది. సలహాకు 14567 అను టెలిఫోను నంబరు కలదు.

నాలుగింటిలో ఒకటి కొంత నచ్చినది. గోడలకు సున్నము వేసి చాలకాలమైనది, తోటయు లేదు. రాత్రి గంట మ్రోగించితిని, ఇద్దఱు పరుగెత్తుకొని వచ్చిరి. అక్కగారికి అంతయు చెప్పితిని. ఆమె యడిగినది ఒక్కటే: "నచ్చకపోతే తిరిగి రావచ్చునా?" ఆ ప్రశ్న నా పట్టికలో లేకపోయెను. మేనేజరు నడిగి, ఒక నెల పరీక్షకై యుండునట్లు వ్రాయించుకొంటిమి. వచ్చు ఆదివారముతో నెల నిండును. ఇంటియందామె గదిని అట్లే యుంచితిమి. స్నానపుగదిలో బండలు తీయించి గరుకువి వేయించితిని.