చెఱకుతోటల నడుమ ఫుట్‌బాలు

ఆత్మకూరు, ఉదయగిరి మెట్టసీమలలో వాన తప్పిన యేట కుటుంబములు పనికొఱకు ఊరు విడుచుట తరతరములుగా నెఱిగినదే. పోవువారు తమ వెంట భాషను, ఇలవేల్పును, పచ్చడి జాడీని కొనిపోవుదురని చాలమంది వ్రాసిరి. ఆటను గూర్చి వ్రాసినవారు తక్కువ. మన పాఠశాలలలో ఆటల గంటయే తఱచుగా లెక్కల ఉపాధ్యాయుని పాలగుచుండగా, ఆటస్థలమును సంస్కృతికి నెలవుగా నెవరు తలంతురు? అయినను సముద్రము దాటిన తెలుగువారి చరిత్రలో ఒక ఆటకు గల స్థానము చిన్నది కాదు. ఆ చరిత్ర ఫిజీ ద్వీపములది.

భారతీయ కూలీల తొలి ఓడ కలకత్తానుండి ఫిజీ చేరినది 1879లో. చెన్నపట్టణమునుండి ఓడలు పోవుట 1903లో మొదలయ్యెను. 1916లో ఈ రవాణా ఆగునప్పటికి 60,000 మందికి పైగా అక్కడికి చేరిరి. వారిలో దక్షిణాదివారు సుమారు 15,000. ఐదేండ్ల ఒడంబడిక, చెఱకుతోటలలో చాకిరి. ‘అగ్రిమెంటు’ అను మాట వారి నోట ‘గిరిమిట్’ అయినది. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు ‘జహాజీ భాయి’ యని పిలుచుకొనిరి. కులమును, ఊరును తెగిపోయిన చోట ఓడయే చుట్టరికమైనది. ఉత్తరాదివారు ముందుగా వచ్చినవారును, సంఖ్యలో అధికులును అగుటచే తోటలలో హిందీయే అందఱి వాడుక యయ్యెను. తెలుగు పిల్లవానికి తల్లి మాట యొకటి, బడి మాట యొకటి.

ఈ స్థితిలో 1926లో నాందీ పట్టణమున సాధు కుప్పుస్వామి పూనికతో తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంఘము వెలసెను. ‘తెన్’ అనగా తమిళమున దక్షిణము. తమిళులు, తెలుగువారు, మలయాళీలు కలిసి బడులు కట్టుకొనిరి, గుడులు నిలుపుకొనిరి. తెలుగు చదువునకు వేఱుగా పాటుపడవలెనని తలచిన మనవారు 1941లో దక్షిణ ఇండియా ఆంధ్ర సంఘమును స్థాపించుకొనిరి. ఇంటిలో వేఱు పొయ్యి పెట్టుట ఎవరికిని సులభము కాదు; వారికిని కాలేదనుకొనవచ్చును.

ఇంతలో ఆంగ్లేయుల ఆటయైన ఫుట్‌బాలు తోటల యువకులను పట్టుకొనెను. 1938లో ఫిజీ ఇండియన్ ఫుట్‌బాల్ సంఘము ఏర్పడి జిల్లాల పోటీ మొదలిడెను. మొదటి విజేత రేవా. ఆ పేరులోని ‘ఇండియన్’ అను మాట 1961లో తొలగి, ద్వీపపు మూలవాసులకును తలుపు తెఱచుకొనెను. ఐక్య సంఘము కూడ ఈ ఆటను తనదిగా చేసికొనినది. ఈస్టరు సెలవులలో జరుగు దాని వార్షిక సమ్మేళనమునకు శాఖలన్నియు తమ జట్లతో వచ్చును. యువకులకు ఫుట్‌బాలు, యువతులకు నెట్‌బాలు. సుబ్రహ్మణ్యుని కొలుచువారు క్రైస్తవుల పండుగకు కూడుట వింతగా తోచవచ్చును గాని, నాలుగు దినములు వరుసగా సెలవు దొరకునది అప్పుడే గదా! ఉపన్యాసమునకు రాని కుఱ్ఱవాడు పందెమునకు వచ్చును. వానిని చూచుటకు తల్లియు, మేనమామయు వత్తురు. ఆట నెపముగా కుటుంబము మొత్తము సంఘమున కెదురుపడును.

ఇట్టిదే మఱియొక జాతి కథ. మెక్సికోలోని వహాకా కొండలలో సపోటెక్ మొదలగు ఆదివాసులు నివసింతురు. 1891లో అమెరికాలోని ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, జేమ్స్ నైస్మిత్, పండ్లబుట్టలు వ్రేలాడగట్టి కల్పించిన బాస్కెట్‌బాలును 1920, 30 దశకములలో ప్రభుత్వోపాధ్యాయులు ఆ కొండలకు కొనిపోయిరి. ఆదివాసులను తక్కిన దేశముతో కలిపివేయవలెనని వారి ఉద్దేశము. జరిగినది వేఱు. చదును నేల కఱవైన ఆ యూళ్లలో చిన్న స్థలమున ఇమిడిన ఆ ఆట ఊరి తిరునాళ్లలో భాగమై, వారి సొంతమయ్యెను. పనికై లాస్ ఏంజిలస్ నగరమునకు వలస పోయినవారు అక్కడను ఊరికొక జట్టు కట్టిరి. పందెములు పెట్టి కూడబెట్టిన సొమ్ము స్వగ్రామపు పనులకు పంపిరి. ఆటస్థలము ప్రక్కనే తమ యూరి వంటలుండును. తమ బాకాల మేళముండును.

బంతికి మాత్రము భాష లేదు. లాస్ ఏంజిలస్‌లో పుట్టిన సపోటెక్ పిల్లలలో తాతల భాష రానివారు ఎందఱో. ఫిజీలోను ఇంతే. రెండు సంఘములు ఏండ్ల తరబడి పాటుపడినను, తెలుగువారి మనుమలకు నేడు ఇంటిభాష చాలవఱకు ఫిజీ హిందీయే. ఇది ఆట చేసిన నష్టము కాదు. ఆట పూడ్చలేని నష్టము. బడిలో తెలుగు గంట తగ్గినచో ఆ లోటును ఫుట్‌బాలు తీర్చునని తలచుట అన్యాయము. అటులని ఆటను తక్కువచేయుటయు తగదు. మాట పోయిన తరువాత గూడ, తాము తెలుగువారమని పిల్లలకు చెప్పు తావు ఒకటి మిగిలినది.

1987లో ఫిజీలో సైనిక కుట్రలు జరుగగా వేలాది భారతీయ కుటుంబములు ఆస్ట్రేలియా, న్యూజిలాండు, కెనడా, అమెరికాలకు మరల వలసపోయినవి. చెన్నపట్టణమున ఓడ యెక్కిన తాతకు తెలుగు వచ్చును, ఫుట్‌బాలు తెలియదు. ఆక్లండులో విమానము దిగిన మనుమనికి ఫుట్‌బాలు వచ్చును, తెలుగు రాదు. అతడును అక్కడ తనవారితో కలిసి సంఘము పేరనే జట్టు కట్టినాడు.